ఒక ఆటకు ఒక్క చావే

అనగనగా ఒక అడవిలో ఒక నాటకాల కంపెనీ ఉండేది. అడవిలో కంపెనీ ఏమిటని అడగకండి. జంతువులకు మాత్రం పొద్దు గడవద్దా?

ఆ అడవి పేరు నల్లకొండ అడవి. మోదుగలు ఎర్రగా పూసే రోజుల్లో అక్కడ పదిహేను రోజులు జాతర జరిగేది. చుట్టుపక్కల మూడు అడవుల నుంచి జంతువులు పిల్లాపాపలతో వచ్చేవి. రోజూ ఎండ తగ్గగానే నాటకం మొదలు. నాటకం పేరు 'రాక్షస సంహారం'. ఏటా అదే నాటకం. కథ అందరికీ తెలుసు. అయినా అందరూ వచ్చేవారు. మీరు కూడా నన్ను చెప్పిన కథే చెప్పమంటారు కదా, అలాగే.

కంపెనీ యజమాని ఒక ఏదుపంది. పేరు ఏకాంబరం. కోపం వస్తే ఆయన ఒంటి మీది ముళ్ళు నిక్కబొడుచుకుని గలగలమనేవి. ఆడే బండ ఆయనది. చుట్టూ కంచె ఆయనది. ఆకులతో అల్లిన తెర ఆయనది. నాటకం చూడటానికి వచ్చే ప్రతి జంతువూ గేటు దగ్గర ఆయనకు ఒక దుంప ఇవ్వాలి. ఏకాంబరం మరీ చెడ్డవాడేం కాదు. దుంప కనబడితే ఇంకేదీ కనబడదు, అంతే.

ఇక ఆడేవాళ్ళ సంగతి. రాజు వేషం కోయిలది. పేరు మధుకరం. మంచి గొంతు. ఆ సంగతి అందరికంటే ఎక్కువగా అతనికే తెలుసు. దరువు వడ్రంగిపిట్ట లింగయ్యది. బోలు మాను మీద ముక్కుతో వాయించేవాడు. తెర లాగడానికి రెండు కోతులు. బండ పక్కన, ఎవరికీ కనబడకుండా, ఉడుత తాయారమ్మ కూర్చునేది. ఎవరైనా మాట మరిచిపోతే మెల్లగా అందించేది. ఆ పని చేసేవాళ్ళను ప్రాంప్టర్ అంటారు. వాళ్ళు కనబడరు. వాళ్ళు లేని రోజున మాత్రం ఆ సంగతి బాగా తెలుస్తుంది.

రాక్షసుడి వేషం అడవిదున్న భూమయ్యది. ఏనుగు తర్వాత అంతటి ఒళ్ళు ఆ అడవిలో లేదు. మనసు మాత్రం వెన్న. పొరపాటున చీమను తొక్కితే మూడు రోజులు దిగులు పడే రకం. కానీ ఒంటికి ఎర్రమన్ను పూసుకుని, కొమ్ములకు తీగలు చుట్టుకుని బండ మీదికి వచ్చి ఒక్క రంకె వేశాడంటే ముందు వరసలో కుందేళ్ళు అమ్మ పొట్ట కిందికి దూరేవి.

ఆఖరి రంగం ఇలా ఉండేది. రాజు పద్యం అందుకుంటాడు. రాగం తీసి తీసి, చివర రెక్క ఎత్తుతాడు. లింగయ్య ధన్ ధన్ ధన్ అని మూడు దెబ్బలు వేస్తాడు. మూడో దెబ్బకు రాక్షసుడు ముందు మోకాళ్ళ మీద కూలి, పక్కకు ఒరిగి, ధామ్మని బండ మీద పడతాడు. నేల అదురుతుంది. చెట్ల మీది ఎండుటాకులు రాలతాయి. పిల్లలు కేకలు వేస్తారు.

ఏం కేక? "వన్స్ మోర్!"

అంటే మళ్ళీ కావాలని. నాటకాల్లో ఇది పాత ఆచారం. పద్యం నచ్చితే చూసేవాళ్ళు వన్స్ మోర్ అంటారు. అప్పుడు చచ్చిన రాక్షసుడు లేచి, మన్ను దులుపుకుని నిలబడాలి. రాజు మళ్ళీ పాడాలి. దరువు మళ్ళీ మోగాలి. రాక్షసుడు మళ్ళీ చావాలి. నల్లకొండలో దీనికి ఇంకొక ఆచారం తోడైంది. వన్స్ మోర్ అన్నవాళ్ళు బండ మీదికి ఒక దుంప విసరాలి. ఆ దుంపలు ఎవరికి? ఏకాంబరానికి.

ఆ ఏడు జాతర మొదటి రోజున వన్స్ మోర్‌లు ఆగలేదు. మూడు అయ్యాయి. ఆరు అయ్యాయి. పక్కన నిలబడి ఏకాంబరం, "లే, భూమయ్యా, లే! పిల్లలు అడుగుతున్నారు" అంటూనే ఉన్నాడు. ఆ రోజు రాక్షసుడు మొత్తం పదకొండుసార్లు చచ్చాడు.

తెల్లవారాక భూమయ్య లేవలేకపోయాడు. ముందు కాలి మోకాలు గుమ్మడికాయంత అయింది. కొంగ వైద్యుడు వచ్చి చూశాడు. పొడవాటి ముక్కుతో మోకాలి మీద మెల్లగా తట్టాడు. భూమయ్య పెట్టిన కేకకు చెరువులో చేపలు బెదిరాయి.

"ఇంకొక్క రోజు ఇలా పడ్డావంటే ఈ కాలు ఇక నిలబడదు" అన్నాడు కొంగ. "నిలబడలేని దున్న నీళ్ళకు పోలేదు. మేతకు పోలేదు. పులి వస్తే పరిగెత్తలేదు. నేను వేరే చెప్పాలా?"

"పిల్లలు అడుగుతారు డాక్టరు గారూ" అన్నాడు భూమయ్య.

"పిల్లలు చందమామను కూడా అడుగుతారు" అంది పక్కనే ఉన్న తాయారమ్మ. "యజమానితో మాట్లాడు. ఒక్కసారే పడతానని చెప్పు."

భూమయ్య కుంటుకుంటూ వెళ్ళాడు. ఏకాంబరం తన బొరియ ముందు కూర్చుని దుంపలు సర్దుకుంటున్నాడు.

"అయ్యగారూ, ఒక ఆటకు ఒక్కసారే పడతానండి. బండ మీద కాస్త గడ్డి పరిపించండి."

"గడ్డి పరిస్తే చప్పుడు వస్తుందా?" అన్నాడు ఏకాంబరం. "చప్పుడు లేకపోతే వన్స్ మోర్ వస్తుందా? కష్టంగా ఉంటే మానెయ్, భూమయ్యా. అడవిలో దున్నలు లేవా?"

భూమయ్య తల దించుకుని తిరిగి వచ్చాడు.

అది చూసి లింగయ్యకు ఒళ్ళు మండింది. రివ్వున ఎగిరి వెళ్ళాడు. "అయ్యగారూ, భూమయ్య మోకాలు చూశారా?"

"నీ ముక్కు బాగుందా లింగయ్యా?" అన్నాడు ఏకాంబరం.

"బాగానే ఉందండి."

"మరి దున్న మోకాలితో నీకేం పని?"

లింగయ్యకు జవాబు తిరిగి వస్తుండగా, సగం దారిలో తోచింది. జవాబులు అంతే, ఎప్పుడూ ఆలస్యంగా వస్తాయి.

మూడోసారి మధుకరం వెళ్ళాడు. "నేను హీరోని. నా మాట కాదనడు" అని ఈకలు సవరించుకుని మరీ వెళ్ళాడు. కాసేపటికి తిరిగి వచ్చాడు. ముఖం వెలిగిపోతోంది.

"ఏమన్నాడు?" అంది తాయారమ్మ.

"ఆ వన్స్ మోర్‌లన్నీ నా పద్యానికేనట. ఇలాంటి గొంతు మూడు అడవుల్లో లేదట. తగ్గించమంటే జనం నొచ్చుకుంటారట."

"నువ్వు అడగడానికి వెళ్ళావా, పొగిడించుకోవడానికి వెళ్ళావా నాయనా?"

మధుకరం బిక్కముఖం వేశాడు.

తాయారమ్మ తోక విదిలించి ఒక మోడు ఎక్కింది. "చూడండి. ముగ్గురు వెళ్ళారు. ఒకరిని బెదిరించాడు. ఒకరి నోరు మూయించాడు. ఒకరిని ఉబ్బేశాడు. ఎందుకు? ఒక్కొక్కరుగా వెళ్ళారు గనక. ఇక ఎవరూ ఒంటరిగా వెళ్ళొద్దు. ఈ రోజు ఆటకే వెళ్ళొద్దు. అందరం కలిసి బయట కూర్చుందాం. ఒక ఆటకు ఒక్క చావే అని ఒప్పుకునేదాకా లేవద్దు."

"దీన్నేమంటారు అక్కా?" అన్నాడు భూమయ్య.

"సమ్మె అంటారు."

కోతులు రెండూ చప్పట్లు కొట్టాయి. లింగయ్య సరేనన్నాడు. మధుకరం కూడా సరేనన్నాడు. ఎలాగూ ఒకరోజు విశ్రాంతి దొరుకుతుంది కదా అనుకున్నాడు.

ఎండ తగ్గింది. అందరూ కంచె బయట ఇప్పచెట్టు కింద కూర్చున్నారు. లోపల జనం నిండారు. ఆట ఉండదని తాయారమ్మ అనుకుంది. కానీ లోపల నుంచి నాటకం ముందు పాడే ప్రార్థన వినబడింది!

ఒక కోతి చెట్టెక్కి చూసి చెప్పింది. "కొత్త పిట్టను తెచ్చాడు. గోరువంక. ఒక్కతే అందరి గొంతులతో పాడుతోంది."

ఆ గోరువంక పేరు రాజమణి. పక్క అడవి నుంచి వచ్చింది. విన్నది విన్నట్టు పలకడం దాని విద్య. ముందురోజు నాటకం చూసి అందరి మాటలూ గొంతులో దాచుకుంది. రాక్షసుడు పడటానికి బదులు ఒక ఎండు దుంగను తోయించాలని ఏకాంబరం ఏర్పాటు చేశాడు.

ఆఖరి రంగం వచ్చింది. రాజమణి రాజు పద్యం ఎత్తుకుంది. గొంతు బొంగురు. మధ్యలో ఖళ్ మని దగ్గు.

బయట మధుకరం పకపకా నవ్వాడు. "ఎవరా కాకి? పద్యాన్ని ఖూనీ చేస్తోంది!"

తాయారమ్మ అతని వైపు తిరిగింది. "అది నీ గొంతే, మధుకరం."

"నాదా!"

"నీదే. ఆ పిట్ట సొంతంగా ఏమీ కలపదు. ఆఖరున విన్నది ఎలా ఉంటే అలాగే పలుకుతుంది. నిన్న పదకొండోసారి నువ్వు పాడింది అదే. ఆ దగ్గు కూడా నీదే."

మధుకరం నవ్వు ఆగిపోయింది. మెడ కింద ఈకలు మెల్లగా ముక్కుతో తడుముకున్నాడు.

అప్పుడు జరిగింది అసలు పొరపాటు. ఇలాంటి పొరపాటు నాటకాలవాళ్ళు తప్ప ఇంకెవరూ చేయరు. లోపల పద్యం ముగిసింది. ఎన్నో ఏళ్ళ అలవాటు కదా, లింగయ్య ముక్కు దానంతట అదే లేచింది. ఇప్పచెట్టు మీద ధన్ ధన్ ధన్! మూడో దెబ్బ వినగానే భూమయ్య మోకాళ్ళు వాటంతట అవే ముడుచుకున్నాయి. కంచె బయట ధామ్మని పడ్డాడు. నేల అదిరింది. లోపల జనం ఈలలు వేశారు.

"వన్స్ మోర్!"

రాజమణి మళ్ళీ పాడింది. లింగయ్య మళ్ళీ కొట్టాడు. భూమయ్య మళ్ళీ పడ్డాడు. ఇంకోసారి వన్స్ మోర్. ఇంకోసారి ధామ్. తాయారమ్మ పరుగెత్తి భూమయ్య కొమ్ము ఎక్కి చెవిలో అరిచింది. "లేవకు! మనం సమ్మెలో ఉన్నాం!"

"అయ్యో, నిజమే అక్కా" అన్నాడు భూమయ్య పడుకునే.

లింగయ్య సిగ్గుతో ముక్కు బెరడులో గుచ్చి అలాగే ఉండిపోయాడు.

ఆట అయ్యాక ఏకాంబరం ఒక బుట్టెడు దుంపలతో అటుగా వచ్చాడు. "సమ్మె బాగా చేశారు! రేపు కూడా ఇలాగే చేయండి. మీరు లోపలికి వస్తే మేత పెట్టాలి, బయట నుంచి ఆడితే అదీ లేదు" అని ముళ్ళు గలగలలాడేలా నవ్వుకుంటూ పోయాడు.

సమ్మె రెండో రోజున తాయారమ్మ అందరినీ వాగు దాటించింది. అక్కడికి పద్యం వినబడదు. వినబడకపోతే అలవాటు లేవదు. భూమయ్య మోకాలికి కోతులు ఆకుపసరు కట్టాయి. లింగయ్య చెట్లకు దూరంగా ఒక రాతి మీద కూర్చున్నాడు.

ఆట వేళకు కాస్త ముందు ఏకాంబరం వాగు దాటి వచ్చాడు. ఎవరితోనూ మాట్లాడలేదు. నేరుగా మధుకరం దగ్గరికి వెళ్ళి గొంతు తగ్గించాడు.

"నీకెందుకయ్యా ఈ గొడవ? నువ్వు రా. కంచె పక్కన మామిడిచెట్టు మొత్తం నీదే. బాగా పూత మీద ఉంది. తెర మీద నీ ఒక్కడి బొమ్మే వేయిస్తాను."

మధుకరం మామిడిచెట్టు వైపు చూశాడు. పూత ఇవతలి ఒడ్డుకు కూడా ఘుమఘుమలాడుతోంది. కోయిలకు మామిడిపూత అంటే ఏమిటో మీకు తెలుసు.

"వెళతాడు చూడు" అన్నాడు లింగయ్య, అందరికీ వినబడేలా. "ఇంకొకరి గూట్లో హాయిగా పెరగడం వాళ్ళ వంశంలోనే ఉంది."

మధుకరానికి చురుక్కుమంది. కానీ లింగయ్యను ఏమీ అనలేదు. భూమయ్య వైపు తిరిగాడు. "నువ్వేమంటావు?"

"వెళితే వెళ్ళు బాబూ" అన్నాడు భూమయ్య. "నేను కోపం పెట్టుకోను. నీ పద్యం వింటూ చావడం నాకూ ఇష్టమే. పదకొండుసార్లు కాకుండా ఉంటే ఇంకా ఇష్టం."

మధుకరం ఏకాంబరం వైపు తిరిగి అడిగాడు. "నేను వస్తే ఎన్నిసార్లు పాడాలి?"

"జనం ఎన్నిసార్లు అంటే అన్నిసార్లు! అది నీకు గొప్ప కదా!"

"మొన్న పదకొండోసారి ఎలా పాడానో నిన్న విన్నానండి" అన్నాడు మధుకరం. "ఆ గొప్ప నాకొద్దు. ఈ జాతర దాటేసరికి నాకూ ఆ కాకికీ తేడా ఉండదు. నేను ఇక్కడే ఉంటాను."

లింగయ్య రాతి మీది నుంచి దిగి వచ్చి మధుకరం పక్కన కూర్చున్నాడు. "ఇందాక అన్నమాట..." అన్నాడు.

"మా వంశం సంగతి నిజమేలే" అన్నాడు మధుకరం. "జరుగు, ఎండ తగులుతోంది."

ఏకాంబరం ముళ్ళు నిక్కబొడుచుకున్నాయి. "పోండి! నాకు రాజమణి ఉంది!" అని వెళ్ళిపోయాడు.

ఆ రోజు ఆట ఎలా సాగిందో మరునాడు పొద్దున్నే రాజమణే వచ్చి చెప్పింది. వాగు దాటి, ఒక కొమ్మ మీద తడబడుతూ వాలింది. నోరు తెరిస్తే గాలి తప్ప ఏమీ రాలేదు. దగ్గరికి వెళ్ళి చెవి పెడితే గుసగుస వినబడింది.

"దుంగను తోశారు. టప్పుమని పడింది. సరిగ్గా పడలేదు, మళ్ళీ తోయండి అని పిల్లలు వన్స్ మోర్ అన్నారు. దుంగ ఎన్నిసార్లు పడినా ఒకేలా పడుతుంది. వాళ్ళేమో భూమయ్యలా పడాలంటారు. పడ్డ ప్రతిసారీ నేను పాడాలి. అందరి గొంతులూ నేనే, తొమ్మిదిసార్లు. నా గొంతు పోయింది."

"బాగా అయింది!" అన్నాడు లింగయ్య. "మా పొట్ట కొట్టడానికి వచ్చినదానివి!"

"మీకందరికీ జలుబు చేసిందని ఏకాంబరం గారు చెప్పారు" అంది రాజమణి. కళ్ళ నీళ్ళు తిరిగాయి. "సమ్మె అని తెలియదు. ఈ పెద్దాయన మోకాలు ఇప్పుడే చూస్తున్నాను."

తాయారమ్మ ఒక ఆకు దొన్నెలో కాస్త తేనె తెచ్చి దాని ముందు పెట్టింది. "గొంతు పోయినవాళ్ళంతా మనవాళ్ళే, లింగయ్య మామా. జరిగి చోటివ్వు." తర్వాత రాజమణిని అడిగింది. "నీ సొంత గొంతుతో ఎప్పుడైనా పాడావా అమ్మా?"

"ఎవరూ అడగలేదు" అంది రాజమణి.

తాయారమ్మ కాసేపు తోక ఊపుతూ ఆలోచించింది. "ఈ రోజు మనం ఇక్కడ కూర్చోవద్దు" అంది. "తలా ఒక దుంప తవ్వుకోండి. గేటు దగ్గర ఇచ్చి నాటకం చూడటానికి వెళదాం. ఆడటానికి ఎవరూ లేనప్పుడు ఆయన ఏం ఆడతాడో చూద్దాం. ఒక్క మాట. ఎవరూ కొట్టొద్దు. ఎవరూ పడొద్దు. వన్స్ మోర్ అని మనలో ఎవరూ అనొద్దు. ఆ మాట ఎంత బరువో మనకు తెలుసు."

జాగ్రత్త కోసం లింగయ్య ముక్కుకు నార చుట్టించుకున్నాడు.

వాళ్ళు ముందు వరసలో కూర్చున్నారు. జనం కిక్కిరిసి ఉన్నారు. తెర అప్పటికే తీసి ఉంది, వేసేవాళ్ళు లేరు గనక. బండ మీద ఎవరూ లేరు. పిల్లలు కాళ్ళు నేలకేసి కొట్టారు. "రాక్షసుడు ఏడీ? రాక్షసుడు కావాలి!"

ఏకాంబరం అటూ ఇటూ చూశాడు. గేటు దగ్గర తీసుకున్న దుంపలు వెనక్కి ఇవ్వాలా? గబగబా ఎర్రమన్ను పూసుకుని తనే బండ మీదికి వచ్చాడు.

"నేనే రాక్షసుణ్ణి!" అని కీచుగా అరిచి, "రాజు వచ్చాడు, నన్ను చంపాడు" అని తనే చెప్పి, వెల్లకిలా పడ్డాడు.

ఏదుపంది వెల్లకిలా పడితే ఏమవుతుంది? తన ముళ్ళే తనకు గుచ్చుకున్నాయి. "అమ్మో!" అని బంతిలా ఎగిరాడు. జనం పొట్టలు పట్టుకుని నవ్వారు.

"వన్స్ మోర్!"

దుంపలు వానలా కురిశాయి. ఏకాంబరం ముఖం వికసించింది. లేచి మళ్ళీ పడ్డాడు. "అమ్మో!" మళ్ళీ వన్స్ మోర్. మూడోసారి పడేటప్పుడు దుంపల వైపు చూసుకుంటూ పడ్డాడు. నాలుగోసారి చూడలేదు. ఐదోసారి పడ్డాక నడుము పట్టేసింది. లేవబోయాడు. లేవలేకపోయాడు.

"వన్స్ మోర్! వన్స్ మోర్!" పిల్లలకు నడుము సంగతి ఏం తెలుసు?

"తెర!" అని అరిచాడు ఏకాంబరం. "తెర వేయండి! ఎవరక్కడ?"

ముందు వరసలో కోతులు రెండూ ఒకదాని ముఖం ఒకటి చూసుకున్నాయి. "మేం సమ్మెలో ఉన్నామండి" అన్నాయి వినయంగా.

కేకలు ఇంకా పెరిగాయి. అప్పుడు భూమయ్య లేచి నిలబడ్డాడు. కుంటుకుంటూ బండ దగ్గరికి వెళ్ళి జనం వైపు తిరిగాడు.

"పిల్లలూ, ఇక అడగకండి" అన్నాడు. "ఆయన నిజంగానే లేవలేడు. ఆ నొప్పి నాకు తెలుసు."

పిల్లలు ఎత్తిన దుంపలు దించేశారు. ఒక చిన్న కుందేలు మాత్రం అడిగింది. "రాక్షసుడు మామా, నీక్కూడా నొప్పి పుడుతుందా?"

"పుడుతుంది బంగారూ."

"మరి చెప్పలేదేం? మేం ఉత్తుత్తినే అనుకున్నాం."

ఏకాంబరం పడుకునే తల తిప్పాడు. "భూమయ్యా, పదకొండుసార్లు ఎలా పడ్డావయ్యా?"

"మీరు లెమ్మన్నారు కదండీ."

ఏకాంబరం భూమయ్య మోకాలి వైపు చూసి అన్నాడు. "సరే. నీకు మాత్రం, నీ ఒక్కడికి మాత్రం, ఒక్కసారే."

భూమయ్య తాయారమ్మ వైపు చూశాడు. తాయారమ్మ ఎప్పుడూ బండ పక్కనే కూర్చునే ఉడుత. ఆ రోజు మొదటిసారి బండ మధ్యకు వచ్చింది. "ఆ ముచ్చట అందరితో కలిపి మాట్లాడండి, ఏకాంబరం గారూ" అంది.

బేరం అక్కడే, అందరి ముందూ మొదలైంది. ఆ ఏడు జాతరలో అంత మంచి రంగం ఇంకొకటి లేదని తర్వాత చాలామంది అన్నారు.

"చావులు ఐదు" అన్నాడు ఏకాంబరం.

"ఒకటి" అంది తాయారమ్మ.

"మూడు! మూడైనా లేకపోతే ఎలా?"

వెనక వరస నుంచి ఒక ముసలి కొండముచ్చు లేచింది. "ఏ జంతువు మూడుసార్లు చస్తుందయ్యా? ఎనభై ఏళ్ళ నుంచి చూస్తున్నాను!" జనం గొల్లున నవ్వారు.

"చావు ఒక్కటే" అంది తాయారమ్మ. "కానీ మేం మొండివాళ్ళం కాదు. పద్యానికి రెండు వన్స్ మోర్‌లు ఇస్తాం. రాక్షసుడు నిలబడి ఉండగానే. మూడోది పాడటం మధుకరం ఇష్టం. ఇంకొకటి. ఎవరి గొంతైనా వాళ్ళను అడిగే ఎత్తుకోవాలి. రాజమణిని మాతోబాటు కంపెనీలో పెట్టుకోవాలి, సొంత వేషంతో, సొంత గొంతుతో."

"గడ్డి మాత్రం పరవను. చప్పుడు రాదు" అన్నాడు ఏకాంబరం.

"ఉఁ! ఉఁ!" అన్నాడు లింగయ్య. అప్పుడు గుర్తొచ్చి ఒక కోతి అతని ముక్కు నార విప్పింది. "చప్పుడు నా పూచీ! భూమయ్య గడ్డి మీద పడతాడు, అదే క్షణంలో నేను పెద్ద బోలు మాను మీద ఒక్క దెబ్బ వేస్తాను. ఆకులు రాలకపోతే నన్ను అడగండి."

"పోయిన రోజులో?" అన్నాడు ఏకాంబరం, కాస్త బేలగా.

"ఆ మూడు రోజులూ జాతర చివర ఆడతాం" అంది తాయారమ్మ. "అది మా వైపు నుంచి."

ఏకాంబరం మూలిగాడు. అది నడుము నొప్పికో బేరానికో తెలియలేదు. "సరే" అన్నాడు.

ఆ మాటలన్నీ ఒక టేకు ఆకు మీద లింగయ్య చేత ముక్కుతో గీయించి, ఏకాంబరం పాదం గుర్తు వేయించి, తెర గుంజకు కట్టారు. అప్పుడు కోతులు పరుగున వెళ్ళి తెర వేశాయి. ఏకాంబరం తెర వెనక హాయిగా ఊపిరి పీల్చుకున్నాడు. తెర వేసేవాళ్ళ విలువ అతనికి ఆ రోజు తెలిసినట్టు ఇంకెవరికీ తెలిసి ఉండదు.

భూమయ్య మోకాలు తగ్గడానికి వారం పట్టింది. ఆ వారం రాజమణి తన సొంత గొంతుతో కథలు చెప్పింది. మొదట్లో వణికింది. నాలుగో రోజుకు జనం దాని కోసమే వచ్చారు.

ఎనిమిదో రోజున మళ్ళీ 'రాక్షస సంహారం'. మధుకరం పద్యం ఎత్తుకున్నాడు. నిమ్మళంగా, నిండుగా పాడాడు. రెండు వన్స్ మోర్‌లు అయ్యాయి. ఇక ఆఖరు. ఈసారి చావు ఒక్కసారే అని అందరికీ తెలుసు. అందుకని ఎవరూ రెప్ప వేయలేదు. కుందేళ్ళు ఊపిరి బిగబట్టాయి. ధన్ ధన్ ధన్! భూమయ్య మోకాళ్ళు ముడిచి, గడ్డి మీదికి ఒరిగాడు. లింగయ్య వేసిన దెబ్బకు ఆకులు జలజలా రాలాయి.

ఎక్కడో వెనక నుంచి ఒక కొత్త నక్క, సంగతి తెలియక, "వన్స్ మోర్!" అంది.

భూమయ్య చెవి కదిలింది. కాళ్ళు కదిలాయి. అలవాటు కదా, లేవబోయాడు.

బండ పక్క నుంచి తాయారమ్మ మెల్లగా మాట అందించింది. "పడుకో భూమయ్యా. నువ్వు చచ్చిపోయావు."

ముందు వరసలో చిన్న కుందేలు వెనక్కి తిరిగి నక్కతో గట్టిగా అంది. "ఒక ఆటకు ఒక్క చావే! కూర్చో!"

భూమయ్య కళ్ళు మూసుకుని, గడ్డిలో నవ్వుకుంటూ, హాయిగా చచ్చిపోయాడు. తెర పడింది.

నీతి: పక్కవాడి మోకాలి నొప్పి మనది కాదనుకున్నంతకాలం ఒక్కొక్కరం బతిమాలుకోవడమే మిగులుతుంది, అది మనందరిదీ అనుకున్న రోజునే బేరం మొదలవుతుంది.